బస్సులో పుట్టిన పిల్లకు పుట్టిన ఊరు వెతికాం

మా చిన్నమ్మాయి లాస్య బస్సులో పుట్టింది. ఈ సంగతి చెప్పుకోవడం దానికెంత ఇష్టమంటే, కొత్తవాళ్లెవరు కనబడినా పేరు కంటే ముందు ఇదే చెబుతుంది. న్యూజిలాండ్‌లో బడికి వెళ్లిన మొదటి రోజు కూడా క్లాసులో లేచి నిలబడి ఇదే చెప్పింది. టీచరు నవ్వింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇమ్మిగ్రేషన్ వాళ్లు మాత్రం నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. కాగితం చూపించమన్నారు.

ఆ కాగితం కోసం రెండువేల ఐదు వానాకాలంలో నేనూ నా ఇద్దరు ఆడపిల్లలూ ఒరిస్సాలో రాయగడ, కోరాపుట్ జిల్లాలు పట్టుకు తిరిగాం. వెళ్లిన పని చూస్తే ఏడుపు రావాలి. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం, ఆ పది రోజుల్లో నవ్వినంతగా నా జన్మలో ఎన్నడూ నవ్వలేదనిపిస్తుంది.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. మావారు జగన్నాథం సెమిలిగుడ దగ్గర అల్యూమినియం కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవారు. అక్కడి నుంచి న్యూజిలాండ్‌లో ఉద్యోగం దొరికి వెళ్లారు. మేం ముగ్గురం చూసి వద్దామని సందర్శకుల వీసా మీద వెళ్లాం. చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలు మూడు నెలల దాకా బడికి వెళ్లవచ్చని అక్కడి రూలు. ఇంట్లో కూచుని ఒకరి జుట్టు ఒకరు పీక్కోవడం ఎందుకని పంపాను. పదమూడేళ్ల హరిణి ఈత నేర్చుకుంది. తొమ్మిదేళ్ల లాస్య చెప్పుల్లేకుండా బడికి వెళ్లడం నేర్చుకుంది. అక్కడ సగం మంది పిల్లలు అలాగే వస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మూడు నెలలు నిండిన శుక్రవారం హెడ్మిస్ట్రెస్ ఇద్దరికీ చెరొక పూల కార్డు ఇచ్చి, సోమవారం నుంచి రావడానికి వీల్లేదని ఎంతో మర్యాదగా చెప్పింది. శనివారమంతా ఇంట్లో ఏడుపులు. ఆదివారం నలుగురికీ శాశ్వత నివాసం కోసం దరఖాస్తు నింపడానికి కూచున్నాం.

జవాబు వచ్చింది. అన్నీ బాగున్నాయట, లాస్య జనన ధ్రువపత్రం తప్ప. అంతవరకు దాని పేరూ, బొటనవేలి గోరంత ఫొటోనూ నా పాస్‌పోర్టులోనే ఉండేవి. సందర్శకుల వీసాకు అది చాలింది. శాశ్వతంగా ఉండాలంటే పుట్టిన చోటు, తల్లి పేరు, తండ్రి పేరు ఉన్న అసలు పత్రం కావాలన్నారు. ఆగస్టు ఆఖరు దాకా గడువిచ్చారు. మా వీసా రోజులు ఎలాగూ అయిపోవచ్చాయి. మావారికి సెలవు లేదు.

"దొరికితే మీరు రండి. దొరక్కపోతే నేనే వచ్చేస్తాను," అన్నారు విమానాశ్రయంలో, చాలా మామూలుగా. ఆ ఉద్యోగం కోసం ఆయన పడ్డ పాట్లు తెలిసినదాన్ని కనక ఆయన వైపు చూడకుండా సూటుకేసు జిప్పు సరిచేశాను.

రాయగడ

విజయనగరంలో రైలెక్కి రాయగడలో దిగితే వేరే రాష్ట్రంలో దిగినట్టే ఉండదు. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. నేను పుట్టి పెరిగిన ఊరే. మా అన్నయ్య సూరి అక్కడ చింతపండు, పసుపు హోల్‌సేల్ వ్యాపారం చేస్తాడు. ఇంట్లోకి వెళ్లాలంటే ముందు కొట్టులో బస్తాల మధ్య నుంచి నడవాలి. పిల్లలిద్దరూ వరసగా తుమ్మి, తుమ్మినప్పుడల్లా "సారీ" అన్నారు. కలాసీలు వాళ్ల వంక జాలిగా చూశారు.

పొద్దున్నే బస్టాండు పక్కన బండి దగ్గరికి వెళ్లాం. అక్కడ బరా అంటే మన గారెకు తమ్ముడు. దానిమీద వేడివేడి బఠానీల ఘుగుని పోసి ఆకు దొన్నెలో పెట్టి ఇస్తారు. ప్లేటు నాలుగు రూపాయలు. హరిణి నోట్లో పెట్టుకుంటూనే లెక్క కట్టింది.

"అమ్మా, అక్కడ ఒక్క సమోసా కొనే డబ్బుకి ఇక్కడ పద్దెనిమిది ప్లేట్లు!"

"అయితే ఇక్కడే ఉండిపోదాం," అంది లాస్య, రెండో ప్లేటు అందుకుంటూ. దానికోసమే ఇన్ని వేల మైళ్లు వచ్చానన్న సంగతి దానికి ఆ క్షణంలో పట్టలేదు.

న్యూజిలాండ్ అలవాటు ఇంకొకటి వీళ్లకు అంటుకుంది. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పాలి. రాయగడలో ఆటో దిగి ఇద్దరూ గట్టిగా థాంక్యూ అన్నారు. అతను చేతిలోని డబ్బు మళ్లీ లెక్కపెట్టుకుని, "సరిపోయింది కదమ్మా, మరేటి?" అన్నాడు అనుమానంగా.

అన్నయ్య మా కథ విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఒలమ్మీ, ఈ ముక్క కోసం ఇమానమెక్కి వచ్చేరేటి? నాకొక ఫోను సేస్తే సాలదా? ఇక్కడే పుట్టినట్టు రాయించీసి పంపించీవోణ్ని కాదేటి?"

"దరఖాస్తులో బస్సులో పుట్టిందని రాసీసేం అన్నయ్యా. ఇప్పుడు రాయగడంటే అబద్ధమాడేరని కొట్టిపారెస్తారు," అన్నాను. అన్నయ్య ఎదట కూచుంటే నా నోటికీ ఆ యాసే వచ్చేస్తుంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కిసుక్కుమన్నారు.

"మామయ్యా, నేను బస్సులోనే పుట్టాను. నా బస్సు మార్చొద్దు," అంది లాస్య, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

అన్నయ్య మెత్తబడి తనకు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చెప్పింది విని నాకు మతిపోయింది. నడుస్తున్న బండిలో బిడ్డ పుడితే, పుట్టాక ఆ బండి మొట్టమొదట ఎక్కడ ఆగిందో ఆ చోటి రిజిస్టరులో రాయించాలట. ఇన్నేళ్ల తరువాత రాయించాలంటే ముందు "మా రిజిస్టరులో ఈ పేరు లేదు" అని అక్కడి నుంచి కాగితం తేవాలి, సాక్షులు కావాలి, ఆ పైన కోర్టు ఉత్తర్వు కావాలి.

నందపూర్‌లో స్నేహితురాలింట్లో బారసాలకు వెళ్లి సెమిలిగుడ వైపు ఒంటరిగా తిరిగొస్తున్నాను లాస్య పుట్టిన రోజున. ఇంకా నెల రోజులుందని డాక్టరు చెప్పాడు కదా అన్న ధీమా. దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. బస్సులో ఉన్న ఒక నర్సు పురుడు పోసింది. తరువాత కర్మాగారం టౌన్‌షిప్ ఆస్పత్రిలో చేర్చారు గాని, బిడ్డ అక్కడ పుట్టలేదు కనక వాళ్లు పత్రం ఇవ్వలేదు. పిల్ల చేతికొచ్చిన సంబరంలో నేనూ మరి దాని వంక చూడలేదు. బస్సు ఎక్కడ ఆగిందంటారా? ఆ పరిస్థితిలో ఉన్నదాన్ని, నాకేం తెలుస్తుంది!

"ఆ బండి డ్రైవరు సింహాచలాన్ని అడిగితే సరి," అన్నాడు అన్నయ్య. "టేషను కాడ కాఫీ హోటలెట్టేడు."

సింహాచలం హోటల్లో

సింహాచలానికి అరవై దాటాయి. పార్వతీపురం వైపు మనిషి. విషయం చెప్పగానే చేతిలోని కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి లాస్యను తేరిపార చూశాడు.

"ఈ పిల్లేనా? నా బండిలో పుట్టిన పిల్లేనా?" అని హోటలంతా దద్దరిల్లేలా అరిచాడు. "ముప్పయ్యేళ్ల సర్వీసమ్మా నాది. బండిలో మేక రెండుసార్లు ఈనింది. కోడి గుడ్లు ఎన్ని పెట్టిందో లెక్క లేదు. మడిసి మాత్తరం ఇదొక్కర్తే పుట్టింది!"

మేక తరువాత తన పేరు రావడం లాస్యకు మహా గౌరవంగా తోచింది. హోటల్లో ఉన్నవాళ్లందరికీ జిలేబీ పంచాడాయన. నేను అసలు ప్రశ్న అడిగాను.

"ఆపేను తల్లీ, ఎందుకాపను? పిల్ల కేరుమంది. ఏణ్నీళ్లు గావాలని నర్సమ్మ కేకేసింది. నందపూరు దాటేక ఐదారు కిలోమీటర్ల మీద రోడ్డు పక్కన టీ బడ్డీ ఉంటాది. అక్కడాపేను."

"నర్సమ్మ ఇప్పుడెక్కడుందో తెలుసా?"

"మినతి దీదీయా? బిస్సమ్ కటక్‌లో ఉంటాది. పదండి, నానూ వస్తాను." అప్పటికప్పుడు కండువా దులిపి భుజాన వేసుకుని, హోటలు భార్యకు అప్పగించేశాడు. ఆవిడ ఏదో అనబోయేలోగా వీధిలో ఉన్నాడు. అలా మా ముగ్గురి ప్రయాణం నలుగురిదయింది.

బిస్సమ్ కటక్

దారిపొడవునా సింహాచలం బస్సు డ్రైవరు మీద వ్యాఖ్యానం చేస్తూనే ఉన్నాడు. "గేరు మార్చాల... మార్చడు. సూసేవా, మార్చడు." మలుపు మలుపుకీ తన కాలితో ఉత్తి నేలమీద బ్రేకు తొక్కాడు. హరిణి అది చూసి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయింది.

మేం దిగేసరికి సంత జోరుగా ఉంది. కొండలమీది ఊళ్ల నుంచి డొంగ్రియా తెగ ఆడవాళ్లు అనాసలు, అల్లం గంపలకెత్తి తెచ్చారు. అనాస అయిదు రూపాయలు. వాళ్ల జుట్టు నిండా వరసగా క్లిప్పులు, పిన్నులు; ఒకరి తలమీద పాతిక దాకా లెక్కపెట్టింది లాస్య. హరిణి ఈడు పిల్ల ఒకతె లాస్య తలలోని సీతాకోకచిలుక క్లిప్పు వంక వేలు చూపించింది. మాటల్లేవు. లాస్య క్లిప్పు తీసి ఇచ్చింది. ఆ పిల్ల తన జుట్టులోంచి రెండు పిన్నులు తీసి లాస్య జుట్టులో గుచ్చి, కొంచెం వెనక్కి జరిగి చూసి, నచ్చక తీసి మళ్లీ గుచ్చింది. ఆ తరువాత మా ఇంట్లో ఆ పిన్నులు ఎవరూ ముట్టుకోకూడదు.

బురద సరదాలో లాస్య చెప్పులు విప్పి చేత పట్టుకుని, తరువాత వాటిని ఎక్కడో వదిలేసి వచ్చింది. మినతి దీదీ తలుపు తీస్తూనే దాని పాదాలు చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది. మేం ఎవరమో చెప్పేలోగా లోపలికి వెళ్లి తన మనవరాలి చెప్పులు తెచ్చి తొడిగింది. "ఆ దేశంలో పెద్దపెద్దవాళ్ల పిల్లలు కూడా ఇలాగే తిరుగుతారు దీదీ," అన్నాను. నమ్మలేదు. నా భర్తకు అక్కడ జీతం సరిగ్గా ఇస్తున్నారా అని మెల్లగా అడిగింది.

దీదీ ఒడియా ఆవిడే గాని, తెలుగు రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగు సింహాచలం తెలుగే.

"ఎక్కడాపేడు? అబద్దం! సెమిలిగుడ దాకా ఆపనే లేదు. నాను అరుస్తానే ఉన్నాను."

"ఆపేను దీదీ! ఏణ్నీళ్లు ఎవులు తెచ్చేరు మరి? ఆకాశంలోంచి పడ్డాయేటి?"

"నా సంచీలో ఫ్లాస్కు ఉండేది."

"ఫ్లాస్కులో సాయుండేది! తరవాత నువ్వే తాగేవు!"

తొమ్మిదేళ్ల కిందటి టీ గురించి ఇద్దరు పెద్దవాళ్లు అలా పోట్లాడుకుంటుంటే పిల్లలు టెన్నిస్ చూస్తున్నట్టు తలలు అటూ ఇటూ తిప్పారు. చివరికి దీదీ నా వైపు తిరిగి నవ్వేసింది.

"నువ్వు ఎంత అరిచేవో తెలుసా? 'జగన్నాథం, జగన్నాథం' అని ఒకటే అరుపు. దేవుణ్ని పిలస్తన్నావు గావాలని బస్సంతా 'జయ జగన్నాథ' అన్నారు. నానూ అన్నాను. తరవాత నువ్వు 'ఏ సిఫ్టులో సచ్చేవు' అన్నావు. దేవుడికి సిఫ్టేటి అని అప్పుడు నాకు డౌటొచ్చింది."

"నాను స్టీరింగొగ్గీసి దండం కూడా ఎట్టేను," అన్నాడు సింహాచలం.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఎవరి ఎదటా భర్త పేరెత్తని నేను, బస్సునిండా జనం మధ్య ఆయన్ని పేరు పెట్టి తిట్టానని నా కూతుళ్ల ముందు తేలింది. ఆ క్షణం నుంచి హరిణి నాకేం కావాలన్నా "జయ జగన్నాథ" అంటూ అందించడం మొదలుపెట్టింది.

దీదీ సాక్ష్యం రాసి సంతకం చేసింది. సింహాచలం తనది వేరే రాశాడు. పురుడు గురించి ఇద్దరూ ఒకటే చెప్పారు. బస్సు ఆగిన చోటు మాత్రం రెండు కాగితాల్లో రెండు.

సొరంగాల రైలు, సెమిలిగుడ

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైలు కొండల కడుపులోంచి పోతుంది. సొరంగంలో దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లాపెద్దా అందరూ కేకలు వేస్తారు. వెయ్యకపోతే తప్పన్నట్టు వేస్తారు. కాసేపు వెలుగు, పచ్చటి లోయ, అంతలోనే చీకటి, మళ్లీ కేకలు. ఎదటి బెంచీమీద ఒక ముసలాయన ఉడికించిన పనసగింజలు మా చేతుల్లో పోశాడు. ఎన్ని సొరంగాలో పందెం వేసుకున్నాం. దిగేసరికి లాస్య ముప్పయి రెండు అంది, హరిణి ముప్పయి ఎనిమిది అంది. ముసలాయన నవ్వి, తను ప్రతిసారీ లెక్కపెడతాననీ, ఇంతవరకు రెండుసార్లు ఒకే లెక్క రాలేదనీ చెప్పాడు.

కోరాపుట్ నుంచి బస్సులో సెమిలిగుడ. అదే లారీల వరస, అదే మంచు తుంపర. జూలైలో స్వెట్టరు వేసుకుని రెండు రూపాయల అల్లం టీ తాగుతుంటే, న్యూజిలాండ్ వెళ్లాక చలి అలవాటైందని గొప్పలు చెప్పుకున్న మేం ముగ్గురం వణికాం. దీదీ మాట ప్రకారం ముందు అక్కడి రిజిస్టరు చూడాలి. గుమాస్తా రెండు గంటలు ఓపిగ్గా వెతికి, లేదని చక్కగా రాసి ముద్ర వేసి ఇచ్చాడు. లేదన్న కాగితం చేతికి రాగానే సగం పని అయిపోయినట్టు గంతులేశాం. గుమాస్తా మా వంక వింతగా చూశాడు. లేదంటే అంత సంతోషించినవాళ్లను ఆయన చూసి ఉండడు.

నందపూర్

మర్నాడు జీపెక్కాం. ఎనిమిది మంది పట్టే జీపులో పదిహేడు మంది, రెండు కోళ్లు. మనిషికి పది రూపాయలు. సింహాచలం ముందు సీటులో డ్రైవరును సతాయిస్తూ, టీ బడ్డీ రాగానే, "అదే! అక్కడే!" అని అరిచి అందరినీ హడలగొట్టాడు.

నందపూర్ ఆరోగ్య కేంద్రంలో రిజిస్టర్లు చూసే పెద్ద గుమాస్తాను అందరూ బడబాబు అంటారు. నెరిసిన జుట్టు, చెవిలో పెన్ను. నాకొచ్చిన ఒడియాలో మనవి చేసుకున్నాను: ఈ తేదీన ఈ పేరు మీ రిజిస్టరులో లేదని రాసివ్వాలి.

"వెతక్కుండా లేదని ఎలా రాస్తాను? ఉంటే?" అన్నాడు.

"ఉండదు," అన్నాను గట్టిగా.

ఆయన బీరువాలోంచి పాత పుస్తకం తీసి, దుమ్ము దులిపి, నెమ్మదిగా పేజీలు తిప్పాడు. ఒక చోట వేలు ఆగింది. కళ్లజోడు సరిచేసుకున్నాడు.

"ఆడపిల్ల," అని చదివాడు. తేదీ అదే. "పుట్టిన చోటు: బస్సులో. టీ దుకాణం దగ్గర బస్సు ఆగింది."

"ఆపేనా! ఆపేనా!" అని సింహాచలం ఆ ఆఫీసులో ఒక చుట్టు తిరిగేశాడు. "సూసేవా తల్లీ, గవర్నమెంటు రాసింది, నానాపేనని!"

"తండ్రి: జగన్నాథ్, కరెంటు మిస్త్రీ. తల్లి:" బడబాబు తలెత్తాడు. "తల్లి పేరు లేదు."

ఎలా ఉంటుంది? నా పేరు ఆ బస్సులో ఎవరూ పిలవలేదు. పిలిచింది నేను, ఆయన్ని.

"బిడ్డ పేరు: గురుబారి. చెప్పినవారు: సొమారి." ఆ పేరు పక్కన నీలం రంగు వేలిముద్ర. రాయించిన తేదీ బిడ్డ పుట్టిన వారం రోజుల తరువాత.

సొమారి ఎవరు? సింహాచలమే గుర్తు చేసుకున్నాడు. దీదీ నా పనిలో ఉంటే, బిడ్డను తన చీరకొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూచున్న ఆడమనిషి. టీ బడ్డీ దగ్గర దిగిపోయింది. నాకు ఆమె ముఖమైనా గుర్తు లేదు. లేదని రాయించుకోవడానికి వెళ్లినచోట ఉందని తేలింది. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను, లాస్య కంగారుపడి తనూ ఏడ్చింది.

"గురుబారి అంటే?" అని అడిగింది తరువాత.

గురువారం పుట్టిన పిల్ల అని బడబాబు చెప్పాడు. ఇక్కడి పల్లెల్లో పుట్టిన వారాన్ని బట్టే పేరు పెడతారు. శుక్రవారమైతే సుక్రి, సోమవారమైతే సొమారి. హరిణి తను శుక్రవారం పుట్టానని గుర్తు చేసుకుని, అప్పటికప్పుడు సుక్రి అయిపోయింది. సింహాచలానికి తన వారం తెలియదు. ఆ సాయంత్రం దాకా దానికి బెంగపడ్డాడు.

మా దగ్గరున్న రెండు సాక్ష్యాలతో తల్లి పేరు చేర్చవచ్చన్నాడు బడబాబు. రెండు కాగితాలూ పురుడు గురించి ఒకటే చెబుతున్నాయి, ఆ మాత్రం చాలట. డాక్టరుగారు క్యాంపు నుంచి రాగానే సంతకం. అంటే రెండు రోజులు.

"బిడ్డ పేరు కూడా మార్చాలి కదా. గురుబారి తీసేసి లాస్య అని రాయనా?"

"తియ్యొద్దు!" అంది లాస్య నాకంటే ముందు. "రెండూ రాయండి. అదే ముందు రాయండి."

అల్లం మడిలో

రెండు రోజులు ఊరికే కూచోవడం ఎలా? నందపూర్‌లో ఒక చీర కొని టీ బడ్డీ దగ్గర జీపు దిగాం. దాని వెనకాలే పల్లె. సొమారి ఎక్కడని అడిగితే అల్లం మడి వైపు చూపించారు. వాన జల్లులో తలమీద ఆకుల గొడుగు పెట్టుకుని, వంగి కలుపు తీస్తోంది. యాభై ఏళ్లుంటాయి. నన్ను గుర్తుపట్టలేదు. సింహాచలం "ఒసే అప్పా" అనగానే గొంతు గుర్తుపట్టి నిటారుగా నిలబడింది.

అక్కడి పల్లెల భాష దేశియాలో నేను మెల్లగా చెప్పాను: ఆ రోజు నువ్వు ఒళ్లో పెట్టుకున్న పిల్ల ఇదే. నువ్వెందుకు వెళ్లి రాయించావు?

ఆమె ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయింది. "నర్సమ్మ నాకే కదా చెప్పింది?" అంది. "బిడ్డ నా ఒళ్లో ఉంది. 'పేరు రాయించు, మరిచిపోవద్దు' అని నా ముఖం చూసి చెప్పింది."

దీదీ ఆ మాట నాకే చెప్పి ఉంటుంది. నేను వినలేదు. బిడ్డను పట్టుకున్న ఈమె విన్నది, తనకే అనుకుంది. ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్లి రాయించింది. పేరు లేకుండా రాయకూడదేమోనని గురుబారి అని చెప్పింది. తండ్రి పేరూ, పనీ నా అరుపుల వల్లే తెలుసు.

"నాట్ల పనులుండి వెంటనే వెళ్లడం కుదరలేదు," అందామె తలవంచుకుని. "వారం ఆలస్యమైంది. దానివల్ల నీకేమైనా ఇబ్బంది వచ్చిందా?"

లేదని తల ఊపాను. తొమ్మిదేళ్లుగా నేను చెయ్యని పని వారంలో చేసి, ఆ వారానికి నన్ను క్షమాపణ అడుగుతోంది.

ఆమె చేతుల మట్టి చీరకు తుడుచుకుని, లాస్య గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. "మోర్ గురుబారి," అంది. నా గురుబారి అని. లాస్యకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా "ఆఁ" అంది, పిలిస్తే పలికినట్టు.

ఇంట్లో మాకు మాండియా పేజ్ పోసింది. అంటే రాగి అంబలే, మనకంటే పల్చగా, కొంచెం పుల్లగా ఉంటుంది. నంజుకోవడానికి వెదురు కొమ్ముల కూర. రాయగడలో పాలమీద మీగడ కట్టిందని గ్లాసు పక్కన పెట్టేసిన హరిణి, ఇక్కడ రెండు దొప్పలు తాగింది. ఎక్కడికి వెళుతున్నారని సొమారి అడిగితే, సముద్రాలు దాటి, మనకు ఎండలు కాసేటప్పుడు అక్కడ చలి అని చెప్పాను.

"అక్కడ అల్లం పండుతుందా?"

తెలియదన్నాను. అంత దూరం వెళుతూ ఆ సంగతి కనుక్కోకుండా వెళుతున్నానా అన్నట్టు చూసింది. చీర తీసుకుంది, బదులుగా ఇద్దరు మోస్తే గాని కదలని పనసకాయ ఇచ్చింది. దాన్ని జీపులో సింహాచలం ఒళ్లో పెట్టుకున్నాడు. అందువల్ల తిరుగు దారిలో బ్రేకు తొక్కడానికి ఆయనకు కాలు ఆడలేదు. రాయగడ దాకా అది మాతోనే వచ్చింది. బోగీ అంతా ఘుమఘుమలాడింది.

పత్రం మూడో రోజు చేతికొచ్చింది. గురుబారి లాస్య. తండ్రి జగన్నాథం. దాని కింద, కొత్త సిరాతో, నా పేరు. బస్సు నంబరు కూడా రాయమని సింహాచలం బడబాబును బతిమాలాడు. ఆ గడి లేదన్నాడాయన. ఉంటే బాగుండేదని నేనూ అనుకున్నాను.

మళ్లీ సముద్రం అవతల

మళ్లీ సందర్శకుల వీసా మీదే వెళ్లి, ఆగస్టు ఆఖరుకు నాలుగు రోజుల ముందు పత్రం ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఇచ్చాం. వాళ్లు ఇంకొక ఫారం నింపమన్నారు: స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువుల పేర్లు, వాళ్లతో సంబంధం. ఇంటికి తెచ్చి నేను మా అన్నయ్యనూ, మావారి అక్కలనూ రాశాను. ఒక వరస ఖాళీగా మిగిలింది. సంతకం పెట్టడానికి నేను కళ్లజోడు కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి లాస్య ఆ వరస నింపేసింది. పేరు: సొమారి. సంబంధం అన్న గడిలో: నన్ను రాయించింది.

మావారు చూసి ఆ వరస కొట్టెయ్యబోయారు. హరిణి ఫారం లాక్కుని కవర్లో పెట్టి అంటించేసింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆఫీసు నుంచి ఒకావిడ మాట్లాడింది. నలుగురికీ శాశ్వత నివాసం మంజూరైందనీ, పిల్లలు సోమవారం నుంచి బడికి వెళ్లవచ్చనీ చెప్పింది. నేను మావారిని పేరు పెట్టి పిలిచి అరిచాను. ఈసారి ఆయన పక్క గదిలోనే ఉన్నారు, పరుగెత్తుకొచ్చారు. వంటింట్లో నలుగురం ఒకరినొకరు పట్టుకుని గెంతుతుంటే, కింద పడ్డ ఫోనులోంచి ఇంకా ఏదో వినిపిస్తోంది. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఆఫీసు పని అయిపోయింది. ఇది నా సొంత ప్రశ్న," అంది ఆవిడ, కొంచెం మొహమాటపడుతూ. "ఈ సొమారి ఎవరో చెబుతారా?"

ఫోను లాస్యకు ఇచ్చాను. అది స్టూలు ఎక్కి కూచుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అరగంట పట్టింది. ఆవిడ ఒక్కసారీ మధ్యలో ఆపలేదు.